కుదురుకు కబురు చేరేనా?

పెళ్లిచూపులకు ఇంకా పది రోజులే ఉంది. అబ్బాయికి 28 ఏళ్లు. మంచి ఉద్యోగం, మంచి జీతం. కానీ అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ చెయ్యి నుదుటి మీదికే పోతోంది. నిన్నటికన్నా ఇవాళ జుట్టు ఇంకాస్త వెనక్కి జరిగిందా అని అనుమానం. దువ్వెన నిండా వెంట్రుకలు. దిండు మీద వెంట్రుకలు. బాత్‌రూమ్ జాలీ దగ్గర ఉండ చుట్టుకున్న వెంట్రుకలు. అమ్మ గుంటగలగరాకు నూనె కాస్తోంది. అమ్మమ్మ మందారాకులు నూరి పట్టించమంటోంది. నాన్నేమో 'మా నాన్నకీ ఇంతేరా, వంశం' అనేసి పేపర్లో తల దూర్చాడు. ఆ పేపర్లోనే ఓ మూల ప్రకటన... 'గ్రోత్ ఫ్యాక్టర్ చికిత్స. మీ రక్తంతోనే మీ జుట్టు. ఆరు సిట్టింగుల ప్యాకేజీ. సులభ వాయిదాలు.'

ఇలాంటి ఇల్లు ఊరికొకటి కాదు, వీధికొకటి ఉంటుంది. ఆ ప్రకటన చూశాక అలాంటి ఇంట్లో తేలాల్సిన ప్రశ్నలు రెండు. ఈ గ్రోత్ ఫ్యాక్టర్లనేవి నిజంగా ఉన్నాయా? ఉంటే, వాటి కోసం వేలకు వేలు పోయొచ్చా? మొదటి ప్రశ్నకు జవాబు సులువే. ఉన్నాయి. వాటిని కనిపెట్టినవారికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. రెండోదానికే కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

చర్మం కింద కార్ఖానా

మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. పైకి కనిపించేది, మనం దువ్వేది, నూనె రాసేది అంతా ప్రాణంలేని ప్రొటీనే. ప్రాణం ఉన్న భాగం చర్మం కింద, కుదురులో ఉంటుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినా మళ్లీ జుట్టు రావడానికి కారణం అదే. కత్తి తీసుకెళ్లేది సరుకునే, కార్ఖానాని కాదు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం కూడా అందుకే నిలవదు. పైన గీసిన సంగతి కింద కుదురుకు తెలియనే తెలియదు. కొత్తగా వచ్చే వెంట్రుకల మొనలు మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతాయి, అంతే.

కుదుళ్లన్నీ షిఫ్టుల పద్ధతిలో పనిచేస్తాయి. రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరిగే దశ. ఈ దశలో వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాలు పని సర్దుకునే దశ. ఆపైన దాదాపు మూడు నెలల విశ్రాంతి. అది ముగిశాక పాత వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురులో కొత్తది మొదలవుతుంది. తల మీదున్న వెంట్రుకల్లో 85 నుంచి 90 శాతం ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. మిగతావి సెలవు మీద ఉంటాయి. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం జబ్బు కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే.

మరి 'ఇక పెరుగు', 'ఇక ఆగు' అని కుదురుకు చెప్పేదెవరు? కుదురు అడుగున చిన్న మొగ్గలాంటి కణాల గుంపు ఉంటుంది. డెర్మల్ పాపిల్లా అంటారు. ఇల్లు కట్టేచోట మేస్త్రిలాంటిదన్నమాట. తను ఇటుక పేర్చదు, చుట్టూ ఉన్న కణాలకు కబుర్లు పంపి పని చేయిస్తుంది. ఆ కబుర్లే గ్రోత్ ఫ్యాక్టర్లు. అవి ఎరువులు కావు, విటమిన్లు కావు. కణాలు ఒకదానికొకటి పంపుకునే చీటీల్లాంటి ప్రొటీన్లు. చీటీలో ఉన్నది 'పని మొదలుపెట్టు' అని కావచ్చు, 'పని ఆపు' అని కూడా కావచ్చు. ప్రకటనల్లో కనిపించనిది ఈ రెండో మాటే.

గొర్రె చెప్పిన నిజం

ఈ ఫ్యాక్టర్లలో మొదట దొరికినవాటిలో ఒకటి ఈజీఎఫ్. పూర్తిపేరు ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించారు. అవి మామూలుకన్నా ముందే కళ్లు తెరిచాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. ఎందుకిలా జరిగిందని ఆరా తీస్తూ పోతే ఈజీఎఫ్ బయటపడింది. నరాల పెరుగుదలకు తోడ్పడే ఫ్యాక్టర్‌ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీతో కలిపి ఆయనకు 1986లో నోబెల్ ఇచ్చారు.

పుండ్లు మాన్పడంలో ఈజీఎఫ్ దిట్ట. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ దీన్నే జెల్ రూపంలో మధుమేహుల కాలిపుండ్లకు మందుగా తెచ్చింది. మరి చర్మాన్ని పెంచేది జుట్టునీ పెంచాలి కదా? సరిగ్గా ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఆస్ట్రేలియాలో గొర్రెలకు ఈజీఎఫ్ సూది వేస్తే ఉన్ని పెరగలేదు సరికదా, మొదళ్ల దగ్గర తెగి ఊడొచ్చింది! అక్కడివాళ్లు దాన్నే ఉపాయంగా మార్చుకున్నారు. గొర్రెకు సూది వేసి, ఒంటికి వల తొడిగి, కొన్ని వారాలాగి ఆ వల తీసేస్తే ఉన్నంతా దుప్పటిలా వచ్చేస్తుంది. కత్తెరతో పన్లేదు. 1990ల చివర్లో 'బయోక్లిప్' పేరుతో ఈ పద్ధతి మార్కెట్లోకీ వచ్చింది.

ఇంకో సాక్ష్యం క్యాన్సర్ వార్డులో ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇచ్చే మందుల్లో కొన్ని ఈజీఎఫ్ కబురు కణానికి చేరకుండా అడ్డుకుంటాయి. అవి వాడే రోగుల్లో కొందరికి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, వంకీలు తిరిగి పెరుగుతాయి.

అంటే 'గ్రోత్' అన్న పేరు చూసి జుట్టు పెరుగుతుందనుకోవడానికి వీల్లేదు. ఏ ఫ్యాక్టర్, ఎంత, ఎప్పుడు, ఎక్కడ... ఈ నాలుగూ తేలాలి.

పెంచేవి కొన్ని, ఆపేవి కొన్ని

పెంచేవాటిలో పేరున్నది వీఈజీఎఫ్. కొత్త రక్తనాళాలు పుట్టించడం దాని పని. 2001లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు ఎలుకల కుదుళ్లలో ఇది ఎక్కువగా తయారయ్యేలా చేశారు. వెంట్రుకలు తీసేశాక వాటికి జుట్టు త్వరగా తిరిగొచ్చింది, లావుగానూ వచ్చింది. వీఈజీఎఫ్‌ని అడ్డుకున్న ఎలుకల్లో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. ఐజీఎఫ్-1, ఎఫ్‌జీఎఫ్-7 కూడా పెంచే జట్టులోవే.

ఆపే జట్టులో ఎఫ్‌జీఎఫ్-5ది చిత్రమైన కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ జన్యువు పనిచేయని ఎలుకల్ని పుట్టించి, 1994లో ఫలితాలు ప్రకటించారు. 'చాలు, ఇక ఆగు' అని చెప్పేవాళ్లు లేకపోయేసరికి ఆ ఎలుకల బొచ్చు అంగోరా జాతిలా పొడుగ్గా పెరిగింది. పొడుగు బొచ్చు కుక్కల్లో, పిల్లుల్లో చాలా జాతుల రహస్యం కూడా ఈ జన్యువులోని తేడానే. కొన్ని కుటుంబాల్లో కనురెప్పల వెంట్రుకలు మరీ పొడుగ్గా ఉండటానికి ఇదే కారణమని 2014లో తేలింది.

మగవాళ్ల బట్టతలలో ఈ రెండు జట్ల మధ్య తూకం చెడుతుంది. టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ అనే హార్మోన్ తయారవుతుంది. పుట్టుకతోనే దానికి లొంగే గుణం ఉన్న కుదుళ్లలో మేస్త్రి చేత 'ఆపు' చీటీలు రాయిస్తుంది. టీజీఎఫ్-బీటా, డీకేకే-1 లాంటివి ఆ చీటీలే. దాంతో ఏళ్ల తరబడి సాగాల్సిన పెరిగే దశ నెలలకు కుదించుకుపోతుంది. విడత విడతకీ వెంట్రుక సన్నబడుతుంది. చివరికి నూగు మిగులుతుంది. తల వెనక ఉన్న కుదుళ్లకు ఈ బలహీనత ఉండదు. అందుకే అక్కడ జుట్టు నిలుస్తుంది. అక్కణ్నుంచి తీసే ముందువైపు నాటుతారు.

ఇక నాన్న చెప్పిన వంశం మాట సగమే నిజం. ఇందులో చేయి ఉన్న జన్యువులు చాలానే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ క్రోమోజోమ్ వచ్చేది అమ్మ నుంచే. కాబట్టి తాతగారితో పాటు మేనమామ తల కూడా ఓసారి చూడాలి!

సొంత రక్తంతో వైద్యం

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయవి. గాయమైన చోట రక్తం గడ్డకట్టించడమే కాదు, తమలో దాచుకున్న గ్రోత్ ఫ్యాక్టర్ల మూటనీ అక్కడ విప్పుతాయి. పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, ఐజీఎఫ్-1... చాలా ఉంటాయి ఆ మూటలో. దాన్ని తలలో విప్పితే ఎలా ఉంటుందన్న ఆలోచనే పీఆర్‌పీ. అంటే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా.

చేతి నుంచి కొద్దిగా రక్తం తీస్తారు. యంత్రంలో పెట్టి వేగంగా తిప్పుతారు. ఎర్ర కణాలు అడుక్కి దిగుతాయి. ప్లేట్‌లెట్లు చిక్కబడిన పసుపుపచ్చ ద్రవాన్ని వేరుచేసి, జుట్టు పల్చబడిన చోటల్లా సన్నని సూదితో ఎక్కిస్తారు. సాధారణంగా నెలకోసారి చొప్పున మూడు నాలుగుసార్లు, ఆ తర్వాత ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ. ప్లేట్‌లెట్ల నుంచి ఫ్యాక్టర్లను ముందే బయటికి రప్పించి ఆ ద్రవాన్ని ఎక్కించే పద్ధతిని మన క్లినిక్కుల్లో జీఎఫ్‌సీ అంటున్నారు.

పనిచేస్తుందా? కొంతమందికి కొంతవరకు. ఒకే తలలో ఒకవైపు పీఆర్‌పీ, రెండోవైపు ఉప్పునీరు ఎక్కించి పోల్చిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. కొన్నింటిలో వెంట్రుకలు ఒత్తుగా, లావుగా అయ్యాయి. కొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చాలావరకు తక్కువమంది మీద జరిగినవే. ఇలా ఎందుకంటే కారణాలు రెండు. మొదటిది, దీనికి ఒక పద్ధతంటూ స్థిరపడలేదు. ఎంత రక్తం తీయాలి, ఎంతసేపు తిప్పాలి, ప్లేట్‌లెట్లు ఎన్ని రెట్లు చిక్కబడాలి అన్నది క్లినిక్కుకో తీరు. రెండోది, ఆ మూటలో ఉన్నవన్నీ జుట్టును పెంచేవి కావు. కుదురును ఆపే టీజీఎఫ్-బీటా, గొర్రె ఉన్నిని ఊడగొట్టిన ఈజీఎఫ్... అవి కూడా అందులోనే ఉంటాయి. పప్పులో ఉప్పూ, పులుపూ, కారం అన్నీ ఉన్నాయన్నది నిజమే. ఏది ఎంతుందో తెలియకుండా రుచి చెప్పేదెలా?

సూది చోట నొప్పి, వాపు ఒకట్రెండు రోజులుంటాయి. సొంత రక్తమే కాబట్టి అలర్జీ భయం తక్కువ. కానీ సూదులు, గొట్టాలు కొత్తవి, శుభ్రమైనవి కాకపోతే సొంత రక్తమైనా ఇన్ఫెక్షన్ రావచ్చు. ప్లేట్‌లెట్ల సమస్య ఉన్నవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, తల మీద చీముపొక్కులున్నవారు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. క్యాన్సర్ వచ్చి తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కుదురు కోరుకునే వీఈజీఎఫ్‌నే కణితి కూడా కోరుకుంటుంది. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో క్యాన్సర్ వైద్యంలో అనుమతి లభించింది.

సీసాలో ఉన్నది లోపలికెళ్తుందా?

సూది అంటే భయపడేవారికి గ్రోత్ ఫ్యాక్టర్ సీరమ్‌లు ఎదురవుతాయి. రాత్రి రాసుకుని పడుకుంటే చాలంటారు. ఇక్కడ అడ్డం వచ్చేది చర్మమే. బయటి సరుకును లోపలికి రానివ్వకుండా కాపలా కాయడమే దాని ఉద్యోగం. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే పై పొరను దాటి వెళ్లడం కష్టం. ఏళ్లుగా తలకు రాస్తున్న మినాక్సిడిల్ బరువు 209 డాల్టన్లు. తేలిగ్గా దూరిపోతుంది. మరి ఈజీఎఫ్? ఆరు వేల పైమాటే. వీఈజీఎఫ్ ఇంకా ఎన్నో రెట్లు పెద్దది. పిండి జల్లెడలోంచి కొబ్బరికాయ దిగుతుందా?

అందుకే ముందు సూదుల రోలర్‌తో చర్మానికి సన్నటి రంధ్రాలు చేసి, ఆపైన సీరమ్ రాస్తున్నారు. అలా చేసినప్పుడు ఫలితం రోలర్‌దా, సీరమ్‌దా అన్నది తేల్చడం కష్టం. ఆ పని ఇంట్లో చేసుకుంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం అదనం. ఈమధ్య వినిపిస్తున్న 'ఎక్సోజోమ్' సూదుల సంగతైతే ఇంకా పచ్చిగా ఉంది. అనుమతి లేని ఎక్సోజోమ్ ఉత్పత్తుల గురించి అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే జనాన్ని హెచ్చరించింది.

ఎలుక వేరు, మనిషి వేరు

ఎలుకల్లో ఇంత బాగా పనిచేసింది మనదాకా వచ్చేసరికి ఎందుకు నీరుగారిపోతోంది? ఎలుక ఒంటి మీద కుదుళ్లన్నీ అలలు అలలుగా, కలిసి పెరుగుతాయి, కలిసి ఆగుతాయి. మన తలలో ప్రతి కుదురుదీ దాని సొంత క్యాలెండరు. పైగా ఎలుకకు మనలా హార్మోన్ వల్ల వచ్చే బట్టతల ఉండదు. లేని జబ్బుకు చేసిన వైద్యం ఉన్న జబ్బుకు పనికొస్తుందన్న భరోసా ఏముంది? ఇంకో చిక్కు... కుదురు ఎండి పూర్తిగా మూసుకుపోయిన చోట ఎన్ని కబుర్లు పంపినా అందుకునేవాళ్లుండరు. నున్నటి తల మీద గ్రోత్ ఫ్యాక్టర్లు పనిచేయవు. సన్నబడి ఇంకా ప్రాణంతో ఉన్న కుదుళ్ల మీదే ఏ ఆశయినా.

కణాల నుంచి తీసిన ఫ్యాక్టర్ల మిశ్రమాన్ని తలకు సూదిమందుగా తేవాలని అమెరికాలోని శాన్‌డియాగో దగ్గర హిస్టోజెన్ అనే కంపెనీ ఏళ్ల తరబడి ప్రయత్నించింది. మనుషుల మీద పరీక్షలూ జరిపింది. మందు మార్కెట్లోకి రాలేదు. 2023లో కంపెనీనే మూసేయాలని నిర్ణయించారు.

నిలబడిన మందులు మాత్రం పాతవే. రక్తపోటు మాత్రగా మొదలై, వాడినవారి ఒళ్లంతా వెంట్రుకలు మొలిపించి ఆశ్చర్యపరిచిన మినాక్సిడిల్‌కు 1988లో జుట్టు మందుగా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. డీహెచ్‌టీ తయారీని తగ్గించే ఫినాస్టరైడ్ మాత్రకు 1997లో వచ్చింది. చమత్కారం ఏమిటంటే, మినాక్సిడిల్ కూడా డెర్మల్ పాపిల్లా కణాల్లో వీఈజీఎఫ్ తయారీని పెంచుతుందని ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. అంటే బయటినుంచి కబురు తెచ్చి పోయడం కన్నా, మేస్త్రి చేతే రాయించడం తేలికేమో!

అయితే ఇవీ మంత్రాలు కావు. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొద్ది వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. మానేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు, దిగులు రావచ్చు. కడుపుతో ఉన్నవారు నలిగిన మాత్రను ముట్టుకోకూడదు కూడా. డాక్టరు చీటీ లేకుండా వాడాల్సింది కాదిది.

పేరు ఒకరికి, పని ఇంకొకరిది

డబ్బు ఎక్కువగా పోయేది ఇంకోచోట. టైఫాయిడ్, డెంగీ, కొవిడ్ లాంటి పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం... వీటిలో ఏది జరిగినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లతో రాలుతుంది. ఒంటికి కష్టమొచ్చినప్పుడు కుదుళ్లు మూకుమ్మడిగా సెలవు పెడతాయి. సెలవు ముగిశాక వాటంతటవే పనిలోకి వస్తాయి. ఆర్నెల్లలో చాలామందికి జుట్టు కుదుటపడుతుంది. ఆ ఆర్నెల్లలో ఎవరు ఏ సూది వేసినా, ఏ నూనె అమ్మినా పేరు వాళ్లకే వస్తుంది. 'మా పక్కింటావిడకు పనిచేసింది' అన్న మాటల్లో ఇలాంటివెన్నో. రక్తహీనత, థైరాయిడ్ తేడాల వల్ల రాలే జుట్టుకు ఆ లోపం సరిచేయడమే మందు. చిన్న రక్తపరీక్షతో తేలేదానికి ప్యాకేజీ అక్కర్లేదు. రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా జుట్టు ఊడితే అది పేనుకొరుకుడు. దాని దారి, దాని వైద్యం వేరు.

మరో సంగతి. బట్టతలను నయం చేస్తామని ఏ మందు మీదా రాయకూడదని మన ఔషధ నిబంధనల్లోని 'జె' షెడ్యూలు చెబుతోంది. గ్యారంటీ అన్న మాట కనిపించిందంటే, అక్కడే ఒక నిమిషం ఆగాలి.

డబ్బు కట్టే ముందు...

* ముందు జబ్బు పేరు తెలియాలి. చర్మవైద్య నిపుణులు తల చూసి, అవసరమైతే పరీక్షలు చేయించి, ఎందుకు రాలుతుందో చెప్పాక మిగతా మాటలు.

* సూది వేసేది ఎవరు? అర్హత ఉన్న డాక్టరా, మార్కెటింగ్ చూసే సిబ్బందా?

* వాడేవి ఒక్కసారి వాడి పారేసే కిట్లేనా? ప్యాకెట్ కళ్లముందే విప్పుతారా?

* ఆరు సిట్టింగుల డబ్బు ఒకేసారి కట్టాలా? విడివిడిగా కట్టే వీలుంటే, మూడో విడత తర్వాత ఆగి ఆలోచించుకోవచ్చు.

* మొదటిరోజు తల ఫొటో తీస్తున్నారా? అదే వెలుతురులో, అదే దువ్వుడుతో మళ్లీ తీస్తేనే పోలిక. తడి జుట్టు ఫొటో పక్కన పొడి జుట్టు ఫొటో పెడితే ఎవరికైనా జుట్టు పెరిగినట్టే ఉంటుంది.

* ఈ చికిత్సతో పాటు మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ కూడా రాస్తున్నారా? రాస్తే, ఫలితం దేని వల్ల వచ్చినట్టు?

ఇంతకీ ఆ అబ్బాయి సంగతేంటి? పది రోజుల్లో అతని తల మీద మార్పు తెచ్చే వైద్యం ప్రపంచంలో ఎక్కడా లేదు. వెంట్రుక పెరిగేదే నెలకు సెంటీమీటరు! కుదుళ్లు ఇంకా ప్రాణంతో ఉన్నాయి కాబట్టి డాక్టరును కలవడానికి ఇదే సరైన వయసు. మందు మొదలుపెడితే ఫలితం తెలిసేది ఎప్పటికో. పెళ్లిచూపులు మాత్రం పది రోజుల్లోనే. అమ్మాయి తరఫువాళ్లు చూసేది ఇప్పుడున్న తలనే, అడిగేది ఇప్పుడున్న మనిషినే. పాత ఫొటో పంపించి కప్పిపుచ్చడం కన్నా, ఉన్నది ఉన్నట్టు కూర్చోవడమే మేలు. వాయిదాల్లో కట్టాలనుకున్న డబ్బు ఎలాగూ చేతిలోనే ఉంది. పెళ్లి ఖర్చులకు పనికొస్తుంది.